చప్పుడని కొట్టిపారేయకండి

సంఘం పెద్దలారా! ఉగాది కార్యక్రమంలో గిటారు పిలకాయలకు చోటు లేదన్నారు. అది సంగీతం కాదంట, చప్పుడంట! ఒక్క మాట వినండి.

మెటాలికా వాళ్ళ 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' 1986లో వచ్చింది. దాని ముఖ్యమైన రిఫ్ నేర్చేవాడు పిక్‌ను ప్రతి దెబ్బకూ పైనుంచి కిందికే కొట్టాలి. వేగం నిమిషానికి 200 బీట్లు దాటుతుంది. అరచేతి అంచు బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి నాదాన్ని అదిమిపట్టాలి. ముందు మెట్రోనోము పెట్టి నిదానంగా వాయించాలి, తప్పులు పోయాకే వేగం పెంచాలి. సరళీ వరుసలు మూడు కాలాల్లో సాధన చేయించేదీ ఇందుకే కదా? వాళ్ళ పవర్ కార్డు అంటే ఏమిటి? షడ్జమం, పంచమం. మన తంబురాలో మోగేవీ అవే.

బ్లాక్ సబ్బత్ గిటారిస్టు టోనీ అయోమీ బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ తొడుగులు తానే చేసుకొని వాయించాడు. 1970లో వచ్చిన 'ఐరన్ మ్యాన్' ఆ వేళ్ళదే. దీన్ని చప్పుడంటారా, సాధనంటారా?

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరాకే నేర్చుకున్నాను. మన ఇళ్ళలో తెలుగు మాటగా మిగిలింది, రాతగా పోయింది. ఈ పిలకాయలు మాత్రం సంఘానికి వచ్చి మనతో తెలుగులోనే మాట్లాడతా ఉండారు. గిటారుతో పాటు వాళ్ళనీ బయటికి పంపితే, రేపు ఉగాది పచ్చడి ఎవరికి పెడతారు?

పది నిమిషాలు ఇవ్వండి, చాలు.