అయిదంగుళముల గీత

ఆపత్కాలము కలిగినవారిని, లేనివారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టునని తరచుగా చెప్పుదురు. రెండవ ప్రపంచ సంగ్రామమునాటి బ్రిటనును గూర్చి యీ మాట మరింత గట్టిగా వినబడును. దానికి నిదర్శనముగా స్నానపుతొట్టిలోని అయిదంగుళముల గీతను చూపుట పరిపాటి. ఆ గీత యెవరి నెవరితో సమానులను జేసెనో విచారింపవలసియున్నది.

1942లో ఆ దేశమున బొగ్గు కొరత తీవ్రమయ్యెను. వేన్నీళ్లకు బొగ్గే యాధారము. కావున తొట్టిలో అయిదంగుళములకు మించి నీరు పట్టవలదని ప్రభుత్వము ప్రజలను కోరెను. అది శాసనము కాదు. దేశభక్తికి విడిచిన విషయము. ఆరవ జార్జి రాజు తన ప్రాసాదములోని తొట్లకు గీతలు గీయించెను. ఆ యేటి అక్టోబరులో అతిథిగా వచ్చిన అమెరికా అధ్యక్షుని భార్య ఎలినార్ రూజ్వెల్టు ఆ గీతను చూచెను. అంతకు పూర్వమే, ఫిబ్రవరిలో, నూనెలు, కొవ్వులు ఆహారమునకు కావలెనని సబ్బునకు రేషను విధించియుండిరి. అది 1950 వరకు తొలగలేదు. పాలించువారు నియమమును తామును పాటించుట శ్లాఘనీయమే. దానిని పరిహసించుట మా యుద్దేశము కాదు.

కాని గీత గీయుటకు ముందు తొట్టి యుండవలెను గదా! యుద్ధము ముగిసిన ఆరేండ్లకు, 1951 జనాభా లెక్కలలో, బ్రిటను కాపురములలో నూటికి 37 యిండ్లకు స్థిరమైన స్నానపుతొట్టియే లేదని తేలినది. అట్టి యిండ్లలో పెరటిగోడకు వ్రేలాడు రేకుతొట్టిని వారమున కొకమారు వంటింటి పొయ్యి ముందరకు దెచ్చి, కాగులోను కెటిలులోను కాచిన నీరు పోసి, ఇంటిల్లిపాదియు ఒకరి తరువాత నొకరు ఆ నీళ్లలోనే స్నానము చేయుచుండిరి. పట్టణములలో 1846 నాటి చట్టమును బట్టి వెలసిన సార్వజనిక స్నానశాలలు కొంత యాదుకొన్నవి. అచ్చటను పెక్కింట మొదటి తరగతి, రెండవ తరగతి యను భేదము తప్పలేదు.

గని కార్మికుని సంగతి మరియు విచిత్రము. ఎవరి తొట్టికి వేన్నీళ్లు కావలసినను బొగ్గు త్రవ్వినవాడు వాడు. మసిబారిన దేహముతో వాడిల్లు చేరిన తరువాత నీళ్లు కాచి, మోసి, పారబోయుట యింటి యాడువారి పని. గనులనుండి భూస్వాములకు ముట్టు రాయల్టీపై పన్ను వేసి గనులకడ స్నానశాలలు కట్టవలెనని 1926లో చట్టమైనది. అయినను యుద్ధకాలమునాటికి అన్ని గనులకును అవి రాలేదు.

ఈ రెండు లోకములు ముఖాముఖి యయినది 1939 సెప్టెంబరులో. బాంబుల భయమున రమారమి 15 లక్షల తల్లులను, పిల్లలను నగరములనుండి పల్లెలకు తరలించిరి. పిల్లల తలలలో పేలున్నవనియు, వారికి శుభ్రత తెలియదనియు ఆశ్రయమిచ్చిన గృహిణులు గగ్గోలు పెట్టిరి. కొళాయి యెన్ని కుటుంబములకు ఉమ్మడిదని అడిగినవారు మొదట అరుదు. 1943లో ‘అవర్ టౌన్స్’ అను నివేదిక వెలువడినది. అది యలవాట్లను గర్హించుచునే, యిరుకు కొంపలను, నీటి యెద్దడిని, దారిద్ర్యమును ఎత్తిచూపినది.

విషయ మిది: సంపన్నుడు తక్కువ నీటితో స్నానము చేసిన త్యాగమనిరి, దరిద్రుడట్లు చేసిన మురికితన మనిరి. నీరొక్కటే, కొలతయు నొక్కటే; బిరుదులు మాత్రము రెండు. విడిచిపెట్టుటకు కలిగియున్నవానికే త్యాగము సాధ్యము. నిజమైన సమత రాజు తొట్టిలోని గీతవలన రాలేదు. కొత్తగా కట్టిన పురపాలక గృహములవలనను, పాత యిండ్ల బాగుసేతకు ధనసహాయము చేసిన 1949 గృహచట్టము వంటి వానివలనను మెల్లమెల్లగా వచ్చినది.

ఇది పరుల కథ యని మనము చంకలు కొట్టుకొనరాదు. నిత్యస్నానమును ఆచారముగా గొనియాడు మన గ్రామములలో కొందరిని చెరువుగట్టునకు రానీయక, వారినే అశుచులని నిందించినకాలము గలదు. నూతులు, చెరువులు, స్నానఘట్టములు అందరివియు నని 1950 నాటి రాజ్యాంగము 15వ యధికరణమున ప్రత్యేకముగా వ్రాయవలసివచ్చిన దందువలననే. శుచిత్వము బోధించుట సులభము; నీరు చేర్చుట కష్టము. రెండవ పని చేయనివానికి మొదటి పని చేయు నధికారము లేదు.