నోటిమాటకు కాగితం కావాలి: పాటల, ప్రచార వీడియోల పనివారి వినతిపత్రం

గౌరవనీయులైన రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి, సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి,
ద్వారా: జిల్లా కలెక్టర్ గారు, కరీంనగర్.

విషయం: వ్యాపార ప్రచార వీడియోలు, జానపద పాటల వీడియోలు తీసే చిన్న బృందాలకు రాతపూర్వక ఒప్పందం, సకాలంలో చెల్లింపు, పనికి గుర్తింపు కల్పించాలని వినతి.

అయ్యా,

ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో కెమెరా పట్టేవాళ్లం, ఎడిటింగ్ చేసేవాళ్లం, ట్రాక్ కట్టేవాళ్లం, పాట రాసేవాళ్లం, పాడేవాళ్లం, ఆడేవాళ్లం అందరం కలిసి ఈ విజ్ఞప్తి చేసుకుంటున్నాం. ఆషాఢం రాకముందే బోనాల పాట, పెత్రమాసకు ముందే బతుకమ్మ పాట, పెళ్లిళ్లు మొదలయ్యేలోగా బరాత్ పాట మా చేతుల మీదుగానే జనం ఫోన్లలోకి చేరుతాయి. పాటలు లేని నెలల్లో చీరల దుకాణం, టిఫిన్ సెంటర్, ప్లాట్ల వెంచర్, బడి అడ్మిషన్లు, వీటి ప్రచార వీడియోలతో ఇల్లు గడుస్తుంది. సినిమాతో సంబంధం లేని పాట ఎంత దూరం పోగలదో 2021లో ‘బుల్లెట్టు బండి’, 2025లో ‘రాను బొంబాయికి రాను’ చూపించాయి. అవి మేం తీసినవి కావు, వాటి పేరు చెప్పి గొప్పలకు పోవడమూ లేదు. అట్లా ఆడేవి తక్కువ, ఆడనివే ఎక్కువ. ఆడినా ఆడకపోయినా కెమెరా అద్దె, బండి కిరాయి, అందరికీ తిండి ఖర్చు ఒక్కటే.

ఈ పనంతా నోటిమాట మీద నడుస్తోంది. మా కష్టాల్లో చాలావరకు అక్కడే పుడుతున్నాయి.

మాలో ఒకరికి జరిగింది మనవి చేస్తాం. ఒక చీరల దుకాణం వారు కొత్త బ్రాంచికి నలభై సెకన్ల వీడియో అడిగారు. పొద్దున్నే షట్టర్ ఎత్తించి, గిరాకీ మొదలుకాకముందే కౌంటర్ మీద పట్టుచీరలు పరిచి, జరీ మెరిసేలా పక్కనుంచి లైటు పడేసి తీశారు. చీర అంచు మడత మీద కెమెరా నెమ్మదిగా జరిగే ఒక్క షాటుకే గంట పట్టింది. అంతా అయ్యాక ఎడిటింగ్ దగ్గర కూర్చొని సేటు, వెనకాల ఫలానా సినిమా పాటే రావాలన్నారు. మనకు హక్కులు లేవు, క్లెయిము పడుతుందని చెబితే, “అందరు పెడ్తలేరా?” అన్నారు. పెట్టారు. యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిము పడి వీడియో ఆగిపోయింది. తప్పు ఎడిటర్‌దేనని మిగతా పైసలు ఆపేశారు. గట్టిగా అడిగితే ఆ బజారులో ఇంకో దుకాణం పిలవదు. చూపించుకోవడానికి ఉన్నదల్లా వాట్సాప్‌లో రెండు వాయిస్ మెసేజీలు, ఒక బొటనవేలు బొమ్మ. మా వృత్తిలో అగ్రిమెంటు అంటే ఇప్పటికి అదే.

బాకీల విషయంలో చట్టం మా పక్షానే ఉంది. సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం చెల్లింపుకు రాసుకున్న గడువు 45 రోజులు దాటకూడదు. ఏమీ రాసుకోకపోతే, చేసిచ్చిన పనిని స్వీకరించిన నాటి నుంచి 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ. అయితే ఇదంతా చిన్న పరిశ్రమలకిచ్చే ‘ఉద్యమ్’ నమోదు ఉన్నవాళ్లకు. నమోదు ఉచితమే అయినా మాలో చాలామందికి అది తమ కోసమని తెలియదు, ఫ్యాక్టరీలకే అనుకుంటారు. జిల్లా పరిశ్రమల కేంద్రం ద్వారా కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, పెద్దపల్లిలో నమోదు శిబిరాలు పెట్టించాలని, బకాయిల ఫిర్యాదు ఎలా వేయాలో అక్కడే తెలుగులో చెప్పించాలని కోరుతున్నాం.

పాటల సంగతి ఇంతకన్నా చిక్కు. పాటకు ఇంతని రచయిత చేతిలో పెడతారు, పాడినామెకు ఇంకొంత. ఛానల్ ఒకరిది, పెట్టుబడి మరొకరిది. పాట ఆడకపోతే ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. ఆడితేనే తగాదా. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం హక్కుల బదిలీ రాతలో, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లే చెల్లుతుంది, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే. 2012 సవరణ తర్వాత, సినిమాలో లేని పాటకైనా రాసినవారు, బాణీ కట్టినవారు రాయల్టీలో తమ సమాన వాటాను నిర్మాతకు రాసిచ్చినా ఆ రాత చెల్లదు. ఈ మాట మా ఊళ్లలో ఎంతమందికి తెలుసు? జానపదంలో ఇంకో పేచీ ఉంది. పల్లవి కైకిలికి పోయే అమ్మ నోట విన్నది, చరణాలు కొత్తగా రాసినవి. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలో ‘సారంగ దరియా’ వచ్చినప్పుడు సేకరించినవారి పేరెక్కడ అనే చర్చ రాష్ట్రమంతా నడిచింది. మా స్థాయిలో అలాంటి తగాదాలు ఊళ్లోనే పుట్టి ఊళ్లోనే అణిగిపోతాయి. అణిగేది ఎప్పుడూ పాడినామె గొంతే.

అందుకే మా ప్రధానమైన కోరిక ఒక్క పేజీ ఒప్పంద నమూనా. తేలిక తెలుగులో, మీసేవ కేంద్రాల్లో దొరికేలా కార్మిక శాఖ దాన్ని విడుదల చేయాలి. మొత్తం ఎంత, అడ్వాన్స్ ఎంత, మార్పులు ఎన్నిసార్లు, రా ఫుటేజ్ ఎవరి దగ్గర ఉంటుంది, సంగీతం హక్కుల బాధ్యత ఎవరిది, టైటిల్‌లో ఎవరెవరి పేర్లు, ఆదాయంలో వాటా ఎంత, ఇవన్నీ అందులో ఉండాలి. రాతపూర్వక ఒప్పందం కొత్త హక్కేమీ కాదు. 1981 నాటి సినీ కార్మికుల చట్టం కథాచిత్రాల దగ్గరే ఆగింది. కానీ 21 నవంబర్ 2025 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 ప్రకటనలను, డిజిటల్ నిర్మాణాలను కూడా లెక్కలోకి తీసుకుంది. గాయకులు, వాద్యకారులు, డ్యాన్సర్లు అందులో ఆడియో విజువల్ కార్మికులు. రాతపూర్వక ఒప్పందం లేకుండా వారిని పనిలో పెట్టుకోకూడదని కూడా ఉంది. రాష్ట్ర నియమాలు ఖరారు చేసేటప్పుడు మాలాంటి ఎనిమిది మంది చిన్న బృందాన్ని కూడా గుర్తుంచుకోవాలని మనవి. మాలో చాలామందిమి ఒక పూట పనివాళ్లం, మరో పూట నిర్మాతలం. ఆ నియమం రేపు మమ్మల్నీ కట్టేస్తుందని తెలిసే అడుగుతున్నాం.

ఆ ఒప్పంద కాగితంలో ఆడపిల్లల కోసం ఒక వరుస తప్పక ఉండాలి. తెల్లవారుజామున పొలం గట్టు మీద షూటింగ్ అంటే కారు తలుపులు రెండు తెరిచి, మధ్యలో చీర అడ్డం కట్టి బట్టలు మార్చుకుంటున్నారు. బట్టలు మార్చుకునే చోటు, మరుగుదొడ్డి, రాత్రి ఇంటికి చేర్చే బాధ్యత నిర్మాతదేనని రాతలో ఉంటే అడగడానికి మొహమాటం ఉండదు.

లొకేషన్ అనుమతుల గురించి రెండు మాటలు. ఎల్గందల్ ఖిల్లా, మానేరు గట్టు, తీగల వంతెన లాంటి చోట్ల ఒక కెమెరాతో ఒక పూట పనికి పెద్ద సినిమాతో సమానంగా ఆఫీసులు తిరగాల్సిన పని లేకుండా, కలెక్టరేట్‌లో ఒకే దరఖాస్తు, చిన్న రుసుము, రెండు రోజుల్లో జవాబు ఉండేలా చూడాలి. కాదంటే కాదనే చెప్పండి, పర్లేదు. డ్రోన్ సంగతి వేరు. డ్రోన్ నియమాలు, 2021 ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను వ్యాపారానికి ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. ఆ నియమం సరైనదే, జాతరలో జనం నెత్తి మీద ఎగరేసేవాళ్లను మేమూ చూశాం. పదో తరగతి పాసైన మా పిల్లలకు కరీంనగర్‌లోనే రాయితీతో శిక్షణ బ్యాచులు నడిపించాలని మాత్రం కోరుతున్నాం. ఇక పని కల్పన మాట: మహిళా సంఘాల ఉత్పత్తులకు ప్రభుత్వం ప్రచార వీడియోలు తీయించేటప్పుడు మా జిల్లా బృందాలను కూడా పిలవాలి.

రాష్ట్ర ప్రభుత్వం సినిమాలకిచ్చే గద్దర్ అవార్డుల్లో మా వీడియోలకు ఒక విభాగం అడుగుదామని కొందరు మిత్రులన్నారు. ఇప్పుడు అడగడం లేదు. ముందు బాకీ వసూలు కావాలి.

బతుకమ్మ పాటల పని శ్రావణంలోనే మొదలవుతుంది. మిగతా కోరికలు పరిశీలించడానికి సమయం పట్టినా, ఆ ఒక్క పేజీ ఒప్పంద నమూనాను ఈసారి సీజన్ మొదలయ్యేలోగా విడుదల చేయించాలని, దాన్ని తయారుచేసే ముందు మాలో రాసేవారిని, పాడేవారిని, ఎడిటింగ్ చేసేవారిని ఒక్కొక్కరినైనా పిలిచి మాట్లాడాలని వేడుకుంటున్నాం.

ఇట్లు,
ఉమ్మడి కరీంనగర్ జిల్లా పాటల, ప్రచార వీడియోల పనివారు