ఆసుపత్రి ఇన్ఫెక్షన్ల నివారణ, యాంటీబయాటిక్‌ల బాధ్యతాయుత వినియోగం: ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల ముందున్న కర్తవ్యం

(ప్రత్యేక వ్యాసం)

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతాంగానికి మందుకు లొంగని పురుగు అంటే ఏమిటో వేరుగా చెప్పనవసరం లేదు. 1987-88 పంటకాలంలో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరిత్రాయిడ్ మందులకు తట్టుకొనే శక్తిని సంతరించుకున్నది. పిచికారీలు పెరిగిన కొద్దీ ఖర్చు పెరిగినదే తప్ప పంట దక్కలేదు. అప్పులపాలైన పలువురు రైతులు ఆత్మహత్యలకు పాల్పడ్డారు. నాడు చేలలో పురుగు విషయంలో జరిగినదే నేడు ఆసుపత్రి వార్డులలో సూక్ష్మజీవుల విషయంలో జరుగుతున్నది. మందు వాడిన ప్రతిసారీ లొంగే క్రిములు నశించి, లొంగనివి మిగిలి వృద్ధి చెందుతాయి. అనవసరంగా వాడిన ప్రతి మోతాదు ఈ ప్రక్రియను వేగిరపరుస్తుంది.

సమస్య తీవ్రత

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం, అత్యవసర చికిత్స అందించే ఆసుపత్రులలో చేరిన ప్రతి 100 మంది రోగులలో సంపన్న దేశాలలో 7 గురికి, అల్ప, మధ్యాదాయ దేశాలలో 15 మందికి ఆసుపత్రిలోనే కనీసం ఒక ఇన్ఫెక్షన్ సోకుతున్నది. ఇట్లు సోకినవారిలో సగటున పదిమందిలో ఒకరు మరణిస్తున్నారు. మందులకు లొంగని బాక్టీరియా కారణంగా 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది నేరుగా ప్రాణాలు కోల్పోయినట్లు ‘లాన్సెట్’ పత్రిక 2022లో ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది.

జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం 2021-22లో 20 పెద్ద ఆసుపత్రులలో జరిపిన సర్వే మరొక కోణాన్ని వెల్లడించింది. రోగులలో 71.9 శాతం మందికి యాంటీబయాటిక్‌లు ఇస్తుండగా, వాటిలో 55 శాతం ముందుజాగ్రత్త పేరిట ఇచ్చినవే. వ్యాధికారక క్రిమిని నిర్ధారించుకొని ఇచ్చినవి 6 శాతం మాత్రమే.

వెంటిలేటర్ వద్ద పొంచి ఉన్న ముప్పు

పత్తి, మిరప విస్తారంగా పండే ఈ మైదానంలో పురుగుమందుల విషప్రభావానికి లోనైనవారు ఆసుపత్రులకు రావడం కొత్తకాదు. ఆర్గానోఫాస్ఫేట్ తరగతి విషం శ్వాస కండరాలను నిస్సత్తువపరచడం వలన వీరిలో అనేకులను వెంటిలేటర్‌పై ఉంచవలసి వస్తుంది. 48 గంటలు దాటిన పిదప వెంటిలేటర్ సంబంధిత న్యుమోనియా ముప్పు ఆరంభమవుతుంది. దీనికి తరచుగా కారణమయ్యే ఎసినెటోబాక్టర్ క్రిమి, భారత వైద్య పరిశోధన మండలి ఇటీవలి వార్షిక నివేదికల ప్రకారం, దాదాపు పదింట తొమ్మిది నమూనాలలో కార్బాపెనెమ్ మందులకు లొంగడం లేదు. విషం నుండి బయటపడిన యువ రైతు ఇన్ఫెక్షన్‌కు బలికావడం అత్యంత విషాదకరం.

ఈ ముప్పును తగ్గించే చర్యలు ఖరీదైనవి కావు. రోగి తలభాగాన్ని 30 నుండి 45 డిగ్రీల ఎత్తులో ఉంచడం, నోటి శుభ్రత పాటించడం, వెంటిలేటర్ అవసరాన్ని ప్రతిరోజూ సమీక్షించడం వాటిలో ముఖ్యమైనవి. అన్నింటికీ మించినది చేతుల శుభ్రత. ఆల్కహాల్ ద్రావణంతో 20 నుండి 30 సెకన్లు, సబ్బు నీటితో అయితే 40 నుండి 60 సెకన్లు చాలును. రోగిని తాకుటకు ముందు, శుభ్రమైన ప్రక్రియకు ముందు, శరీర ద్రవాలు సోకిన తరువాత, రోగిని తాకిన తరువాత, రోగి పరిసరాలను తాకిన తరువాత అనే ఐదు సందర్భాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించింది. అయితే రెండు పడకల మధ్య నీటి కుళాయి గాని, ద్రావణపు సీసా గాని లేనప్పుడు సిబ్బందికి ఎంత శిక్షణ ఇచ్చినా ఫలితం ఉండదు. అందువలన చేతుల శుభ్రత సిబ్బంది క్రమశిక్షణకు మాత్రమే గాక, ఆసుపత్రి పరిపాలనకు కూడా సంబంధించిన అంశం.

ముందు పరీక్ష, తరువాత మందు

2025 సెప్టెంబరులో గుంటూరు గ్రామీణ మండలం తురకపాలెంలో వరుస మరణాల నేపథ్యంలో ప్రభుత్వం వైద్య శిబిరాలు ఏర్పాటుచేసి గ్రామస్థులకు పరీక్షలు నిర్వహించింది. మెలియాయిడోసిస్ వ్యాధి అనుమానంతో రక్త నమూనాలను కల్చర్ పరీక్షలకు పంపడం జరిగింది. ఈ వ్యాధికారక బాక్టీరియా మట్టిలో, నీటిలో ఉంటుంది. మధుమేహం ఉండి బురదలో పనిచేసేవారికి ముప్పు అధికం. పెన్సిలిన్, జెంటామైసిన్ వంటి సాధారణ మందులకు ఇది స్వభావరీత్యా లొంగదు. సెఫ్టాజిడైమ్ లేదా మెరోపెనెమ్ ఇంజక్షన్లు కనీసం రెండు వారాలు, ఆపై కోట్రైమాక్సజోల్ మాత్రలు సుమారు మూడు నెలలు వాడవలసి ఉంటుంది.

జ్వరానికి కారణం తెలియకుండా తోచిన ఇంజక్షన్ ఇస్తే ఇటువంటి రోగికి మేలు జరగదు. పైగా యాంటీబయాటిక్ పడిన తరువాత తీసిన నమూనాలో క్రిమి పెరగకపోవచ్చును. డెంగ్యూ, చికున్‌గున్యా వంటి వైరస్ జ్వరాలలోనైతే యాంటీబయాటిక్ అసలే పనిచేయదు. గ్రామీణ ప్రాంతంలో తొలి చికిత్స ఆర్‌ఎంపీల వద్ద లేదా మందుల దుకాణం వద్ద జరుగుతున్నందున, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుండి నమూనాలు గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రులకు గాని, మంగళగిరి ఎయిమ్స్‌కు గాని వేగంగా చేరి, ఫలితం తిరిగి రావడం కీలకం.

పొలంలోనూ అదే మందు

పత్తిలో నల్లమచ్చ తెగులుకు, మిరపలో బాక్టీరియా ఆకుమచ్చ తెగులుకు రైతులు వాడుతూ వచ్చిన మందులో స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ ఉన్నాయి. ఇవి మానవ వైద్యంలోనూ అవసరమైనవి. వ్యవసాయంలో వీటి నిషేధానికి కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు వెలువరించింది. పశుపోషణలో కొలిస్టిన్ వాడకాన్ని కేంద్రం 2019 జూలైలో నిషేధించింది.

నిబంధనలు, అమలు

నిబంధనలకు కొరత లేదు. 2014 మార్చి 1 నుండి అమలులోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1 ప్రకారం, జాబితాలోని యాంటీబయాటిక్‌లను చీటీపై మాత్రమే విక్రయించి, రోగి, వైద్యుని వివరాలను రిజిస్టరులో నమోదుచేసి మూడేళ్లు భద్రపరచాలి. ఆసుపత్రి వ్యర్థాలపై 2016 నియమాలు, ఇన్ఫెక్షన్ల నియంత్రణపై 2020 జాతీయ మార్గదర్శకాలు ఉన్నాయి. 2025 నవంబరు 18న రెండవ జాతీయ కార్యాచరణ ప్రణాళిక వెలువడింది. సొంత ప్రణాళిక రూపొందించుకున్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

వీటి అమలును కొలిచే ప్రమాణాలు కూడా సరళమైనవే: శస్త్రచికిత్స అనంతరం ముందుజాగ్రత్త యాంటీబయాటిక్‌ను 24 గంటలలో నిలిపివేస్తున్నారా, మందుకు ముందు నమూనా తీస్తున్నారా, వార్డులో చేతి శుభ్రతకు వసతి ఉన్నదా, దుకాణంలో హెచ్1 రిజిస్టరు ఉన్నదా. జిల్లా అధికారులు ప్రతినెలా ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానాలు సేకరించి వెల్లడించగలిగితే, ప్రణాళికల ఫలితం ప్రజలకు, పత్రికలకు స్పష్టమవుతుంది. పురుగు లొంగనప్పుడు రైతు మరొక మందుకు మారగలిగాడు. ఇక్కడ మార్చుకొనేందుకు కొత్త మందులు ఎక్కువగా లేవు. ఉన్నవాటిని కాపాడుకొనడమే తక్షణ కర్తవ్యం.