తలుపు తీస్తే మంచు గోడ!

వీధి తలుపు తీస్తే ఎదురుగా వీధి కనిపించాలి. గోడ కనిపిస్తే? 2020 జనవరి 17న కెనడాలోని సెయింట్ జాన్స్ నగరంలో ఒక్కరోజే 76.2 సెంటీమీటర్ల మంచు కురిసింది. ఈదురుగాలికి అది ఇళ్ల ముందు మేటలు వేసింది. తలుపు తీసి చూస్తే తెల్లటి గోడ, దానిమీద తలుపు అచ్చు! ఆ తలుపులు లోపలికి తెరుచుకునేవి కాబట్టి సరిపోయింది. పార అందుకుని దారి చేసుకున్నారు. బయటికి తెరుచుకునేవైతే తోసినా కదిలేవి కావు.

మంచుదేశంలో తలుపు చేయాల్సిన పనులు రెండు. మూస్తే గాలి చొరబడకూడదు. కావలసినప్పుడు తెరుచుకుని తీరాలి.

చిన్న సందే, పెద్ద కన్నం

మన దగ్గర వానాకాలంలో తలుపు ఉబ్బి పట్టేస్తుంది. అక్కడ చలికాలంలో హీటర్ల వేడికి ఇంట్లో గాలి పొడిబారి చెక్క ముడుచుకుంటుంది. వేసవిలో పట్టేసిందని చిత్రిక పట్టించారో, జనవరిలో సందు పడుతుంది. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు ఉన్న తలుపు చుట్టూ 3 మిల్లీమీటర్ల సందు ఉందనుకోండి. అదంతా ఒకచోట చేరిస్తే సుమారు 13.5 సెంటీమీటర్ల చదరపు కన్నంతో సమానం. గోడకు అంత కన్నం ఉంటే ఊరుకుంటామా?

కనిపెట్టడం తేలికే. తలుపుకీ ద్వారబంధానికీ మధ్య కాగితం ముక్క పెట్టి మూయండి. లాగితే జారి వచ్చేస్తే అక్కడి రబ్బరు పట్టీ అరిగిపోయినట్టే. రాత్రిపూట ఒకరు బయట నిలబడి టార్చి వేస్తే, లోపలున్నవారికి వెలుతురు ఎక్కడ దూరుతోందో కనబడుతుంది. పట్టీ మార్చడానికి వడ్రంగి అక్కర్లేదు. గడప దగ్గర సందుంటే తలుపు అడుగుకు రబ్బరు అంచు బిగిస్తే చాలు.

తప్పు తలుపుది కాదు!

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. తడినేల గడ్డకట్టినప్పుడు మెట్లను, ఒక్కోసారి గడపనూ పైకి లేపుతుంది. ద్వారబంధం ఒరిగి తలుపు పట్టేస్తుంది. అందుకే అమెరికాలోని మిన్నెసోటాలో పునాదులు దక్షిణాన 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాల లోతు ఉండాలని నిబంధన. చలికాలంలో పట్టేసిన తలుపు వసంతంలో దానంతటదే సర్దుకోవచ్చు. తొందరపడి చెక్క కోయకండి. ముందు బందుల స్క్రూలు బిగించండి. పై బందుకు మూడంగుళాల స్క్రూ వేస్తే, వాలిన తలుపు చాలావరకు పైకి లేస్తుంది.

తాళం గడ్డకట్టిందా? వేడినీళ్లు పోయకండి, అవి మళ్లీ గడ్డకడతాయి. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి, ఆరాక గ్రాఫైట్ పొడి వేయండి.

కొత్తది బిగించాలంటే...

అక్కడ తలుపు ద్వారబంధంతో సహా దొరుకుతుంది. పైన ఉక్కు లేదా ఫైబర్ గ్లాస్ రేకు, లోపల చలిని ఆపే ఫోమ్. ముందు గడపను రసమట్టంతో సరిచూసుకోవాలి. తర్వాత చెక్క ముక్కలతో ద్వారబంధాన్ని నిలువుకు తెచ్చి, చుట్టూ సందులో ఫోమ్ నింపాలి. తక్కువ ఉబ్బే రకమే వాడాలి, లేకపోతే అది ద్వారబంధాన్నే లోపలికి వంచేస్తుంది. గట్టి చలిలో ఫోమూ, సీలెంటూ సరిగా పట్టవు. అందుకే ఈ పని దసరాలోపే ముగించుకోవడం మంచిది.

చాలా ఇళ్లకు బయట స్టార్మ్ డోర్ అనే రెండో తలుపు ఉంటుంది. గాలిని బాగా ఆపుతుంది కానీ, బయటికే తెరుచుకుంటుంది! మంచు పడుతున్నప్పుడే గుమ్మం ముందు తీసేస్తుండాలి. చలికాలంలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలు పగలంతా ఒంటరిగా ఉండాల్సి రావచ్చు. ఆ ఇంటికి రెండో దారి ఏదో, పార ఎక్కడుందో వాళ్లకు వెళ్లిన రోజే చూపించండి. పార గ్యారేజీలో కాదు, గుమ్మం లోపలే ఉండాలి సుమా!