తోకకప్పకు కాళ్లు వచ్చినపుడు మేత

వానలు పడగానే హైదరాబాదు పాతబస్తీ పిల్లలు మీరాలం చెఱువు గట్టునుండియో, ముంగిట నున్న హౌజునుండియో తోకకప్పలను సీసాలలో బట్టి తెచ్చుటయు, వానిని బ్రదికించు భారము తల్లిమీద బడుటయు కలదు. కొన్నివారములు చక్కగా బెరిగినవి కాళ్లు వచ్చిన పిమ్మట రెండుమూడు దినములలో చచ్చుచుండును. బిడ్డ యేడ్చును. ఆ చావునకు మేతయు నీరునే తఱచు కారణములు. ఆ రెండును తల్లి చేతిలోనివే.

మొదటిదశలో అనేకజాతుల తోకకప్పలు పాచిని గీకి తినును. వాని ప్రేగు పొడవై చుట్టలు చుట్టుకొని యుండును గనుక ఆకుమేత యరుగును. ఉప్పు వేయక యుడికించిన పాలకూరను చిన్నముక్కలుగా దినమున కొకమారు వేయవలెను. మిగిలినదానిని సాయంకాలము తీసివేయనిచో నీరు కుళ్లును. నల్లానీటిని వెడల్పుపాత్రలో నొకదినము నిలువయుంచి పిదప మార్చవలెను. అందలి క్లోరిను అప్పటికి చాలవఱకు పోవును.

ముందుకాళ్లు పొడచూపిన దినముననే మేత మానవలెను. అప్పుడు నోరు రూపు మారును, ప్రేగు కుఱుచ యగును, మొప్పలు పోయి ఊపిరితిత్తులు పనిచేయును. తోకయే కరగి దేహమున కాహార మగును. జాలిపడి మేత వేసినచో నీరు చెడుటయే ఫలము. నీటిని అంగుళమునకు తగ్గించి, ఏటవాలుగా నొకరాయి నుంచుడు. ఎక్కుటకు చోటు లేనిచో కప్ప నీటిలోనే మునిగి చచ్చును. తోక పోయిన పిదప అది కదలని మేతను ముట్టదు. పేనుబంక, చిన్నచీమలు, పండ్లపై ముసరు చిన్నయీగలు కావలెను.

న్యూటు అను తోకగల ఉభయచరము కథ వేఱు. అది మన దక్కనున లేదు. డార్జిలింగు కొండలలో కలదు. పిల్లతనము నీట గడపి నేలకెక్కి, పెరిగిన పిదప గ్రుడ్లు పెట్టుటకై వానకాలమున మరల నీట దిగును. నేలపై నాలుకతో బట్టిన పురుగును న్యూటు నీట నోరు తెఱచి పీల్చుకొనును. దానికి నీట దిగునపు డెట్లో, మన కప్పకు నేల కెక్కునపు డట్లు భోజనవిధానము మారును.

తోకకప్ప లున్నవని దోమల విషయమున ధైర్యము వలదు. డెంగీదోమ నిలువనీటనే గ్రుడ్లు పెట్టును గావున పాత్రపై పలుచని గుడ్డ కట్టుడు. కప్పను ముట్టిన చేతులను సబ్బుతో కడిగింపుడు. తోక పోయిననాటి సాయంకాలమే, తెచ్చినచోట తడినేలపై బిడ్డచేతనే విడిపింపుడు. దినదినము ప్రాణమున్న పురుగులను సమకూర్చుట యింట కష్టము. చెఱువుగట్టున కప్పయే వానిని వెదకికొనును.