గురువుగారి పాట... శిష్యుడి దరువు

1977లో 'యమగోల' వచ్చింది. అందులో ఎన్టీఆర్, జయప్రదల మీద తీసిన 'ఓలమ్మీ తిక్కరేగిందా' పాట ఊరూవాడా మోగిపోయింది. వేటూరి రాశారు. చక్రవర్తి బాణీ కట్టారు. బాలు, సుశీల పాడారు. సరిగ్గా ముప్పయ్యేళ్లకి, 2007లో, 'యమదొంగ' వచ్చింది. మళ్లీ అదే పాట... ఈసారి మనవడి మీద! జూనియర్ ఎన్టీఆర్ ఆడటమే కాదు, మమతా మోహన్‌దాస్‌తో కలిసి తనే పాడాడు కూడా. తాత పాటకి మనవడు చిందేశాడని అభిమానులు మురిసిపోయారు.

అది అందరికీ కనిపించిన సంగతి. అంతగా కనిపించనిది ఇంకోటుంది. ఆ పాటని కొత్తగా కూర్చిన కీరవాణి, సినిమాల్లోకి వచ్చిన కొత్తలో చక్రవర్తి దగ్గర సహాయకుడిగా పనిచేశారు. తెర ముందు తాతామనవలైతే, తెర వెనక గురుశిష్యులన్నమాట.

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ అనగానే వారసత్వం మాట వస్తుంది. ఫలానా హీరో కొడుకు, ఫలానా నిర్మాత మనవడు... ఆ చిట్టా అందరికీ కంఠతా వచ్చు. కానీ పాటలు కట్టేవాళ్లలోనూ ఓ వారసత్వం ఉంది. దానికి ఫ్లెక్సీలు ఉండవు. చక్రవర్తి దగ్గర కీరవాణి పనిచేశారు. కీరవాణి, రాజ్-కోటి, ఇళయరాజా లాంటివాళ్ల పాటలకి కీబోర్డు వాయించి మణిశర్మ పైకొచ్చారు. మణిశర్మ బృందంలో పనిచేసి తమన్ ఎదిగారు. ఆ తమన్ తండ్రి ఘంటసాల శివకుమార్ ఎవరనుకున్నారు? చక్రవర్తి పాటలకి డ్రమ్స్ వాయించిన కళాకారుడు! మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో మొదలైన వరుస, పరిశ్రమతో పాటే హైదరాబాదు కొండల మీదికొచ్చింది.

తెలుగు సినిమాల్లో రీమిక్స్ పాటల జాబితా తీస్తే ఈ పేర్లే ఎదురవుతాయి. 'మిస్సమ్మ' పాటని 'ఖుషి'లో, 'గ్యాంగ్ లీడర్' వానపాటని 'రచ్చ'లో మళ్లీ కట్టింది మణిశర్మ. 'కొండవీటి దొంగ'లోని 'శుభలేఖ రాసుకున్నా'ని 'నాయక్'లోకి తెచ్చింది తమన్. పాత పాటని కదిపినవాళ్లు బయటివాళ్లు కాదు. పెద్దల పక్కన కూర్చుని, ఆ పాటల కీలు ఎక్కడుందో చూసినవాళ్లే.

కీలు ఎక్కడుంది?

సినిమా పాటని మళ్లీ కట్టడమంటే వేగం పెంచి డప్పు కలపడమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలా రీమిక్సుల్లో జరిగేదీ అంతే. పల్లవి అలాగే ఉంచుతారు. ఎందుకంటే జనం గుర్తుపట్టేది దాన్నే. చరణాల మధ్య వచ్చే వాద్యసంగీతం మార్చేస్తారు. తబలా, డోలక్ వాయించిన చోట కంప్యూటర్లోంచి తీసిన దరువు పెడతారు. మధ్యలో నాలుగు ముక్కలు ర్యాప్ కలుపుతారు. అయిపోయింది!

పాతరోజుల్లో అసలు గొంతులు వాడుకుందామన్నా కుదిరేది కాదు. గాయకులు, వాద్యాలు అన్నీ కలిపి ఒకే ట్రాకులో ఉన్న రికార్డింగులోంచి గొంతును విడిగా తీయడం ఎలా? అందుకే కొత్తవాళ్లచేత మళ్లీ పాడించేవారు. అక్కడే చాలా పాటలు దెబ్బతిన్నాయి. బాలు ఓ చిన్న నవ్వు నవ్వి వదిలేసిన చోట కొత్త గాయకుడూ నవ్వాలి కదా! ఆ నవ్వు నోట్సులో ఉండదు.

మరి బాగా కుదిరింది ఏది? 2001 నాటి 'ఖుషి'నే తీసుకోండి. 'ఆడువారి మాటలకు అర్థాలే వేరులే' పాట 1955లో 'మిస్సమ్మ' కోసం పింగళి రాసింది. సాలూరి రాజేశ్వరరావు స్వరపరిస్తే ఎ.ఎం.రాజా పాడారు. అక్కడ పాట మెత్తగా, గిల్లీ గిల్లనట్టు సాగుతుంది. 'ఖుషి'లో మణిశర్మ దాన్ని పాశ్చాత్య దరువులోకి మార్చారు. కానీ అందులోని ఎకసెక్కాన్ని మాత్రం పోనివ్వలేదు. మనసులో ప్రేమ, పైకి పంతం... 'ఖుషి' కథంతా అదే. పాత పాటలోని మాటలు కొత్త కథకి కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. పాడిన మురళి పేరు ముందు 'ఖుషి' శాశ్వతంగా చేరిపోయింది. 'మిస్సమ్మ' చూడని కుర్రాళ్లు ఆ పాటని తమదే అనుకున్నారు. చూసిన పెద్దలు కోప్పడలేదు. రెండువైపులా మార్కులు పడ్డ రీమిక్స్ అది.

పారిస్‌లో ఎలా చేశారు?

ఇదే పనిని తలకిందులుగా చేసినవాళ్లు ఫ్రాన్స్‌లో ఉన్నారు. మార్క్ కొలాన్, ఒలివియే లిబో అనే ఇద్దరు సంగీతకారులు 'నువెల్ వాగ్' పేరుతో ఓ బృందం పెట్టి 2004లో తొలి ఆల్బం తెచ్చారు. 1970ల చివర, ఎనభైల్లో ఇంగ్లండులో కుర్రకారు కోపంతో గిటార్లు మోగించి పాడిన పంక్, న్యూవేవ్ పాటలు తీసుకున్నారు. వాటిని బ్రెజిల్ వాళ్ల బోసానోవా శైలిలోకి మార్చారు. ఎండాకాలం సాయంత్రం చల్లగాలిలా ఉండే శైలి అది. నువెల్ వాగ్ అంటే ఫ్రెంచిలో 'కొత్త కెరటం'. న్యూవేవ్ అన్నా అదే, బోసానోవాకి చెప్పే అర్థమూ దాదాపు అదే!

కొలాన్ ఓ తమాషా నియమం పెట్టుకున్నారు. అసలు పాట తెలియని అమ్మాయిలచేత పాడించాలని! విని ఉంటే అనుకరిస్తారు, వినకపోతే మాటల్ని బట్టి సొంతంగా పాడతారన్నది ఆయన లెక్క. అరుపుల కింద దాక్కున్న దిగులు అప్పుడు బయటపడింది. లిబో 2021లో కన్నుమూశారు. ఆ పద్ధతికి మాత్రం ప్రపంచమంతా అభిమానులున్నారు.

ఫిలింనగర్‌లో ఈ పద్ధతి నడవదు. ఇక్కడ ప్రేక్షకుడికి పాత పాట గుర్తురావాలి. గుర్తొస్తేనే ఈల పడుతుంది. 'మగధీర' సంగతి చూడండి. 1992లో 'ఘరానా మొగుడు' కోసం తాను కట్టిన 'బంగారు కోడిపెట్ట'ని కీరవాణే 2009లో రామ్‌చరణ్ కోసం మళ్లీ కట్టారు. అప్పటికి రాజకీయాల్లో ఉన్న చిరంజీవి ఆ పాటలో కాసేపు కనిపించారు. చాలాకాలానికి అన్నయ్యని తెర మీద చూసిన అభిమానులకి అది పాట కాదు, పండగ! ఫ్రెంచివాళ్లు మరిచిపోయినట్టు పాడించారు. మనవాళ్లు గుర్తుచేయడానికి పాడిస్తారు. రెండూ పద్ధతులే. కాకపోతే గుర్తుచేయడం మీదే బతికే పాటకి ఓ బాధ్యత ఉంటుంది. ఎవర్ని గుర్తుచేస్తున్నాం? హీరోగారి నాన్ననేనా... పాట పుట్టించినవాళ్లని కూడానా?

పాత పాటని ముట్టుకోవడమే తప్పనే వాదన మాత్రం తెలుగువాడు చేయకూడదు. అన్నమయ్య సంకీర్తనలు తాళ్లపాక రాగిరేకుల మీద దొరికాయి. రాగాల పేర్లు ఉన్నాయి గానీ స్వరాలు లేవు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు కూర్చోబెట్టి బాణీలు కట్టబట్టే అవి ఇవాళ ఇంటింటా వినిపిస్తున్నాయి. 1997లో 'అన్నమయ్య' సినిమాకి సంగీతం చేసి కీరవాణి జాతీయ అవార్డు అందుకున్నారు. ఎన్ని బాణీలు మారినా ఆ పాటల కింద అన్నమయ్య పేరు చెరగలేదు. ఆయన ముద్ర పాటలోనే ఉంది మరి... వేంకటేశా అని! సినిమా పాటకి అలాంటి ముద్ర లేదు. టైటిల్ కార్డులో వేస్తేనే పేరు.

పాట ఎవరిది?

పేరు సరే, హక్కు మాటేమిటి? 'యమగోల' వచ్చిన 1977లోనే సుప్రీంకోర్టు ఓ తీర్పిచ్చింది. నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న పాటకి, ఒప్పందంలో మరోలా రాసుకుంటే తప్ప, తొలి హక్కుదారు నిర్మాతేనంది. అక్కణ్నుంచి హక్కులు ఆడియో కంపెనీలకి చేరేవి. పాట మళ్లీ వాడుకోవాలంటే అడగాల్సింది వాళ్లనే. రాసినాయనకి, కట్టినాయనకి ఫోన్ చేసి చెబితే అది మర్యాద, చెప్పకపోతే అడిగేవాళ్లుండరు.

2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సినిమాహాల్లో ఆ సినిమాతో పాటు వినిపించినప్పుడు తప్ప, మరోచోట పాట వాడుకుంటే రచయితకీ స్వరకర్తకీ రాయల్టీలో సమాన వాటా రావాలన్నారు. ఆ వాటా వదులుకుంటున్నట్టు కాగితం రాయించుకున్నా చెల్లదన్నారు. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ దీనికోసం గట్టిగా మాట్లాడారు. అయినా గొడవలు ఆగలేదు. 2017లో తన పాటలు కచేరీల్లో పాడొద్దంటూ ఇళయరాజా పంపిన లీగల్ నోటీసు బాలుకే చేరింది. ఎన్నో ఏళ్ల స్నేహితులు! అభిమానులు ఎటువైపు మాట్లాడాలో తెలియక నలిగిపోయారు.

ఇక ఇప్పటి సంగతి. 1982 నాటి 'దేవత'లోని 'ఎల్లువొచ్చి గోదారమ్మ' 2019లో 'గద్దలకొండ గణేష్'లోకి వచ్చింది. బిందెల వరుసలతో సహా! మిక్కీ జె మేయర్ బాలు, సుశీలల గొంతుల్నే ఉంచి సంగీతం మార్చారు. అప్పటికి చక్రవర్తి పోయి పదిహేడేళ్లు, వేటూరి పోయి తొమ్మిదేళ్లు. ఆ మరుసటేడు బాలు కూడా వెళ్లిపోయారు. 2023లో 'కీడా కోలా' సినిమాలో కృత్రిమమేధతో పుట్టించిన బాలు గొంతు వినిపించింది. తమని అడగకుండా వాడారంటూ కొడుకు చరణ్ లీగల్ నోటీసు పంపించారు. అదే సమయంలో రెహమాన్ 'లాల్ సలామ్' కోసం చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతుల్ని ఇలాగే వాడారు. ముందుగా కుటుంబాల అనుమతి తీసుకుని, ప్రతిఫలం కూడా ఇచ్చామని చెప్పారు. యంత్రం ఒకటే, తేడా అడగడంలో ఉంది.

ఇన్నాళ్లూ పాత పాటని ముట్టుకోవాలంటే దాన్ని నేర్చుకోక తప్పేది కాదు. పెద్దల పక్కన ఏళ్లకేళ్లు వాయిస్తే గానీ కీలు దొరికేది కాదు. ఇప్పుడు గొంతుని, డోలక్‌ని, వయొలిన్‌ని విడివిడిగా తీసి చేతిలో పెట్టే సాఫ్ట్‌వేర్ వచ్చింది. కృష్ణానగర్‌లో ఓ చిన్న గదిలో కూర్చున్న కుర్రాడికి కూడా అది అందుబాటులో ఉంది. మంచిదే. రేపటి మణిశర్మ ఆ గదిలోంచే రావచ్చు. కానీ ఆ డోలక్ వాయించిన చెయ్యి ఎవరిదో సాఫ్ట్‌వేర్ చెప్పదు. అది చెప్పాల్సింది పక్కన కూర్చున్న పెద్దలే. లేదా టైటిల్ కార్డు.

కాబట్టి కొండ మీద రీమిక్సులు కట్టేవాళ్లకి ఓ విన్నపం. హీరోగారి తండ్రి సినిమా పేరు ఎంత పెద్దక్షరాల్లో వేస్తారో, 'రచన వేటూరి, సంగీతం చక్రవర్తి' అని కూడా అంతే పెద్దగా వేయండి. దానికి ఏ కోర్టూ నోటీసు పంపక్కర్లేదు.