ఈ వారం ఏం వింటున్నారండీ?

మా కాలేజీ స్టాఫ్ రూములో మధ్యాహ్నం క్యారేజీలు విప్పేవేళ ఒక ఆచారం ఉంది. కూరలు పంచుకోవడం అయి మజ్జిగన్నంలోకి వచ్చేసరికి, మా లెక్కల మాస్టారు ఒకసారి చుట్టూ చూసి, "అయితే ఈ వారం ఎవరెవరు ఏం వింటున్నారండీ?" అని అడుగుతారు. ఒకరు త్యాగరాజ కీర్తన అంటారు. ఒకరు పాత సినిమా పాట అంటారు. చరిత్ర చెప్పే మేడమ్ గారు రెండేళ్లుగా గజళ్లు తప్ప మరొకటి ముట్టుకోవడం లేదు. కొత్తగా చేరిన కంప్యూటరు కుర్రాడు వినే పాటల్లో మాట ఏదో మోత ఏదో నాకింతవరకు బోధపడలేదు. అయినా అందరం చెబుతాం. చెప్పి, కాస్సేపు కొట్లాడుకుని, చేతులు కడుక్కుని క్లాసులకు పోతాం.

పైకి ఇది ఊసుపోక అడిగే ప్రశ్నలాగే కనిపిస్తుంది. కాదండీ. "భోంచేశారా?" అంటే కడుపు సంగతి. "ఏం వింటున్నారు?" అంటే మనసు సంగతి. ఒక్కడూ ఉన్నప్పుడు మళ్లీ మళ్లీ పెట్టుకుని వినే పాట ఏదో చెప్పాడంటే, ఆ మనిషి పెరటి తలుపు తీసి మనల్ని లోపలికి రమ్మన్నట్టే. ఆ గుమ్మంలో ఎలా మసలుకోవాలో నాకు ఈమధ్యనే తెలిసింది. ఎమ్మే తెలుగు చదివి ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాడికి ఇంత ఆలస్యంగా తెలియడం సిగ్గుచేటే. అయినా చెప్పేస్తాను.

మా పెద్దల కాలంలో ఈ ప్రశ్న అడగవలసిన పనే ఉండేది కాదు. ఒక ఇంట్లో రేడియో మోగితే వీథంతా వినేది. కేస్కర్ గారు మంత్రిగా ఉండగా, 1952 నుంచి ఆకాశవాణిలో సినిమా పాటలు సన్నగిల్లిపోతే, జనం చప్పుడు చెయ్యకుండా ముల్లు తిప్పి సిలోను పట్టుకున్నారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చేదాకా అదే దిక్కు. మా చిన్నతనానికి విజయవాడ నుంచి 'జనరంజని' వచ్చేది. పాటకు ముందు, ఆ పాట కోరినవారి పేర్లూ ఊళ్లూ చదివేవారు. మా మేనత్త కార్డు రాసి పడేసి, తన పేరు వస్తుందేమోనని పొయ్యి మీద పప్పు మాడిపోతున్నా కదిలేది కాదు. పాట ఆవిడకు కంఠతా వచ్చు. ఆవిడకు కావలసింది ఆ పేర్లు. ఎక్కడో తానెన్నడూ చూడని ఊళ్లో, ఎన్నడూ చూడని మనిషికి తనకు నచ్చిన పాటే నచ్చిందన్న కబురు ఆవిడకు చుట్టం వచ్చినంత సంబరం.

మా తాతగారింట్లో గ్రామఫోను ఉండేది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటు. ఒక వైపు మూడు, మహా అయితే మూడున్నర నిమిషాలు. అయిపోగానే ఎవరో ఒకరు లేవాలి. ప్లేటు తిరగెయ్యాలి, కీ ఇవ్వాలి, ముల్లు మార్చాలి. అసలు చర్చ అంతా ఆ సందులోనే జరిగేది. "ఆ సంగతి చూశావురా?" అని ఒకరు, "చూడకేం, కిందటిసారి కచేరీలో ఇంతకన్న బాగా పాడాడు" అని ఒకరు. ఇప్పుడు ఫోనులో ఒక పాట తోక పట్టుకుని ఇంకొకటి వచ్చేస్తుంది. లేవనక్కరలేదు. లేవనక్కరలేదు గనక మాట్లాడనూ అక్కరలేదు. పైగా ఎవరి చెవిలో వారి బుడిపెలు. "ఇది వినండి" అని లింకు పంపితే, బదులుగా బొటనవేలి బొమ్మ ఒకటి వస్తుంది. ఆ బొటనవేలు విన్నదో లేదో పైవాడికెరుక.

అంచేతనే మా మాస్టారి ప్రశ్న అంటే నాకంత ఇష్టం. అందులోనూ మాది విజయనగరం. 1919లో సంగీత కళాశాల పెట్టి, హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారిని దాని పెద్దగా కూర్చోబెట్టిన ఊరు. ఘంటసాల వారాలు చేసుకుని, మధుకరం ఎత్తుకుని పాట నేర్చుకున్న ఊరు. సుశీలగారు పుట్టిన ఊరు. ఇక్కడ పాట గురించి అభిప్రాయం లేని మనిషి దొరకడం కష్టం.

వేసవి సెలవులకు ముందు ఒక వారం నేను ద్వారం వెంకటస్వామినాయుడుగారి పాత రికార్డులు వింటున్నాను. నాయుడుగారు 1936లో దాసుగారి తరవాత కళాశాల పెద్ద అయ్యారు. చూపు సరిగా ఆనని మనిషి. ఆ ఫిడేలు నాదం, అడుగున బరబరమనే రికార్డు చప్పుడుతో సహా నాకు ప్రాణం. ఆ మాట చెప్పి ఊరుకోక అరగంట ఉపన్యసించాను. మా లెక్కల మాస్టారు ఏమీ అనకుండా ఆ రికార్డులు తన ఫోనులో వేయించుకుని వెళ్లారు. మూడో నాడు వచ్చి, "సంగీతం నాకు తెలియదండి. కాని ఆయన వాయిస్తూంటే ఎవరో పెద్దాయన నా ముందు నడుస్తున్నట్టుంది. తొందర పడరు. మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, నేను వస్తున్నానో లేదో చూసుకుని మరీ వెడతారు" అన్నారు. నా అరగంటలో అంతటి మాట ఒక్కటీ లేదు.

ఆ పై సోమవారం ఆయన వంతు. ఒక పాత సినిమా పాట చెప్పారు. దాని పేరు నేను చెప్పను. చెబితే మీరు పాటలో పడి నా గొడవ వదిలేస్తారు. వారం రోజులుగా అదే వింటున్నానని, కొంచెం సిగ్గుపడుతూ చెప్పారు. ఆ పాట నేను బస్సులో ఎప్పుడో విన్నదే. వెంటనే నాలోని తెలుగు మాస్టరు నిద్ర లేచాడు.

"మాస్టారూ! ఆ పల్లవిలో సంస్కృతపు మాటకూ తెలుగు మాటకూ ముడిపెట్టాడు చూశారూ, దాన్ని దుష్టసమాసం అంటారు. వారం రోజులు ఎలా భరించారండీ?" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. నవ్వి, సగం మజ్జిగన్నం మిగిలి ఉండగానే క్యారేజీకి మూత పెట్టేశారు. అది నేను చూశాను. చూసి, ఆకలి లేదు కాబోలు అనుకున్నాను.

మరుసటి సోమవారం ఆయన ఆ ప్రశ్న అడగలేదు. కంప్యూటరు కుర్రాడే మొహమాటపడుతూ అడిగాడు. "ఈమధ్య ఏమీ వినడం లేదు బాబూ" అన్నారు మాస్టారు. అలా మూడు వారాలు. మాట్లాడతారు, నవ్వుతారు, నా కూర వేసుకుంటారు. పాట మాట మటుకు ఎత్తరు. పెరటి తలుపు మూసేశారు.

నాలుగో వారం పరీక్ష పేపర్ల కట్ట ఒకటి అందించవలసి వచ్చి, దీపాలు పెట్టేవేళ వారింటికి వెళ్లాను. లోపలి గదిలోంచి ఆ పాటే వినిపిస్తోంది. దానితోబాటు సన్నగా, వణుకుతూ ఒక ముసలి గొంతు.

మాస్టారి తల్లిగారికి ఎనభై దాటాయి. నాలుగేళ్లుగా మరుపు జబ్బు. కొడుకును చూసి "అన్నయ్యా" అంటారట. కోడలిని ఎవరమ్మాయివని అడుగుతారట. ఈ జబ్బులో పేర్లూ ముఖాలూ చెదిరిపోయాక కూడా పాటలు నిలవడం కద్దని డాక్టరుగారు చెప్పారట. మాస్టారు ఒక్కొక్క పాటే వేసి చూస్తూ వచ్చారు. ఈ పాట దగ్గర ఆవిడ తల ఎత్తి రెండో పాదం అందుకున్నారు.

"పొద్దున్న ఒకసారి, ఈవేళప్పుడు ఒకసారి వేస్తానండి. ఆ మూడు నిమిషాలూ అమ్మ మా అమ్మే" అన్నారు మాస్టారు.

నాకు నోట మాట రాలేదు. ఎలాగో గొంతు పెగుల్చుకుని, "ఆవేళ చెప్పలేదేమండీ?" అన్నాను.

"పాట ఏమిటని అడిగారు గాని, ఎందుకని అడగలేదు గదండీ" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే మరీ గుచ్చుకుంది.

వెళ్లి ఆవిడ మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాను. పాట మళ్లీ వేశారు. నేను తప్పుపట్టిన చోటికి వచ్చేసరికి ఆవిడ ఊపిరి తీసుకుని, ఆ మాటను రెండుగా విరిచి పాడారు. మొదటిది ఒక పిలుపు. రెండోది వేరే మాట. సమాసమూ లేదు, దోషమూ లేదు. బస్సులో హారన్ల మధ్య ఒక చెవితో విన్నదాన్ని పట్టుకుని, మూడు వారాల కిందట నేను తీర్పు చెప్పేశాను.

పాట అయ్యాక ఆవిడ నావైపు చూసి, "ఏం బాబూ, నీకు రాదా ఈ పాట?" అన్నారు.

"నేర్చుకుంటున్నానండి మామ్మగారూ" అన్నాను.

ఇదంతా చెప్పి, ఎవరి పాటనూ ఏమీ అనకూడదని నేను తీర్మానించడం లేదు. నచ్చనిది నచ్చలేదనే చెప్పుకోవాలి. కొట్లాట లేని సంగీతచర్చ పోపు లేని చారు. కాని ముందు పాట పూర్తిగా వినాలి. తరవాత ఎందుకు వింటున్నారని అడగాలి. అప్పుడు కావలిస్తే సమాసాలు విప్పుకోవచ్చు. ఈ రాత్రి భోజనాల దగ్గర మీ ఇంట్లోవాళ్లను ఒకసారి అడిగి చూడండి. చెవిలో బుడిపెలు పెట్టుకున్న మీ అబ్బాయి మొదట విసుక్కుంటాడు. రెండోసారి అడిగితే ఒక బుడిపె తీసి మీ చెవికిస్తాడు. ఇచ్చాక మటుకు నాలాగ చెయ్యకండి.

ఈ సోమవారం మజ్జిగన్నం వేళకు మాస్టారు చుట్టూ చూశారు. నా దగ్గర చూపు ఆపి, "మీరేం వింటున్నారండీ?" అన్నారు.

"మీ అమ్మగారి పాటేనండి. రెండో చరణం ఇంకా పట్టుబడలేదు" అన్నాను.